తెల్ల ఎడారి దారి: ఒక సవరణ

నాలుగేళ్ల కిందట ఒక మాసపత్రికలో కచ్ ఉప్పు ఎడారి గురించి నేనొక యాత్రా వ్యాసం రాశాను. అందులో ఒకచోట, నా శ్రీమతి సుగుణ ఒంట్లో బాగోక గదిలోనే ఉండిపోయిందనీ, మిగతా దారంతా నేనొక్కణ్నే చూసి వచ్చాననీ ఉంటుంది. అది అబద్ధం. గదిలో ఉండిపోయింది నేను. చూసింది ఆవిడ.

దారిలో ఆపించుకుని తిన్న ఫాఫ్డా, అంటే నూనెలో వేయించిన శనగపిండి పట్టీలు, పడక, ధోలావీరా చేరేసరికి నా పని అయిపోయింది. తర్వాత రెండు రోజులు కారులో ఉంటే వెనక సీట్లో, గదిలో ఉంటే మంచం మీద, కళ్లు మూసుకునే ఉన్నాను. సుగుణ డ్రైవరును వెంటబెట్టుకుని వెళ్లి అన్నీ చూసొచ్చి, సాయంత్రం నా పక్కన కూర్చుని గ్లాసులో ఉప్పూ పంచదారా కలుపుతూ చెప్పింది. బయల్దేరక ముందే వ్యాసం రాస్తానని ఒప్పుకున్నాను. చూడలేదని రాయడానికి నామోషీ అనిపించింది. ఆమె చెప్పినవన్నీ 'నేను చూశాను' అని రాసి, నా జబ్బు ఆమెకు రాశాను.

అచ్చయ్యాక సుగుణ చదివింది. పత్రిక మడిచి, "బాగానే రాశారు" అంది. ఆగిరిపల్లిలో, పుట్టింట్లో వాళ్ల వదిన, అంత దూరం వెళ్లి పడుకుని వచ్చావేంటి అని వేళాకోళం చేస్తే, అవును వదినా, నా ఖర్మ అంది.

ఆ తర్వాత మా ఇంట్లో ఒకటి మారింది. సుగుణ పుట్టిల్లు మామిడి తోటలు కౌలుకు పట్టే ఇల్లు. చెట్టు కింద నిలబడి పూత చూసి, కాయ ఎంత నిలుస్తుందో చెప్పే చూపు ఆమెకు వాళ్ల నాన్న నుంచి వచ్చింది. పూత మీదే తోట కాపుకు బేరం మాట్లాడుకునే వాళ్లు కొందరు ముందుగా ఆమెను తీసుకెళ్లి చూపిస్తారు. నేను ఉంగుటూరు వరిపొలాల మధ్య పెరిగి, నూజివీడులో సోషల్ పాఠాలు చెప్పుకునేవాణ్ని. మామిడి గురించి నాకు తెలిసిందంతా, ఆమె తోటనుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ చెప్పే కబుర్లలో విన్నదే. ఆ వ్యాసం తర్వాత ఆ కబుర్లు ఆగిపోయాయి. ఏం చూశావు అంటే, "చూశాను, బాగుంది" అంటుంది. పోట్లాట లేదు, అలక లేదు. వంటా, నవ్వూ, బంధువులూ అన్నీ మామూలే. నాకు చెప్పడం మాత్రం మానేసింది.

ఆ మాటలు తిరిగి సంపాదించుకోవాలనే మళ్లీ అదే దారికి బయల్దేరదామన్నాను. ఆమె, పూత మొదలయ్యేలోపు ఇంటికి వచ్చేస్తే సరేనంది. అందుకని డిసెంబరు పౌర్ణమికి కుదుర్చుకున్నాం. ఉప్పు మీద వెన్నెల చూడాలంటే పౌర్ణమికి అటూ ఇటూ రెండు రోజులు మంచివి. గదులు మాత్రం రెండు నెలల ముందే చెప్పుకోవాలి.

మధ్యాహ్నం పన్నెండున్నరకు నూజివీడులో బస్సెక్కి రెండు గంటలకల్లా విజయవాడ స్టేషన్లో ఉన్నాం. అహ్మదాబాద్ బండి సాయంత్రానికి కదిలింది. ఇరవై ఆరు గంటల పైచిలుకు ప్రయాణం. మొదటి రాత్రికి పులిహోర, రెండో పూటకు చపాతీలు, గోంగూర పచ్చడి తెచ్చుకున్నాం. బండిలో దొరికేవి నేను ముట్టుకోలేదు. నేను సమోసాల వాడి వైపు చూసినప్పుడల్లా సుగుణ డబ్బా మూత తీసి ఇంకో జంతిక చేతిలో పెట్టింది.

అహ్మదాబాద్‌లో రాత్రి పడుకుని, పొద్దున ఆరింటికి కారెక్కాం. డ్రైవరు పోయినసారి వచ్చిన కాంజీభాయే. అతని నంబరు సుగుణ దాచింది. నన్ను ముందు సీట్లో చూసి హిందీలో అన్నాడు: "సాబ్ ఈసారి కూర్చున్నారే. మీ మొహం నాకు అద్దంలోనే తెలుసు." నేను నవ్వాను. సుగుణ అతని చేతికి మామిడి తాండ్ర పొట్లం ఇచ్చింది. పోయినసారి ఇచ్చింది అతని పిల్లలు ఒక్కపూటలో తినేశారట.

ఈ దారిలో మొదట ఆగాల్సింది సూరజ్‌బారీ వంతెన దగ్గర. పదిన్నరకు చేరాం. లారీల రద్దీ ఎక్కువ కాబట్టి వంతెన మీద ఆపకూడదు, దాటాక పక్కకు తీసుకోవాలి. అటూ ఇటూ ఉప్పు మడులు, వాటి గట్ల మీద ఎండలో కళ్లు చెదిరే తెల్లటి గుట్టలు. కాయ కోసి తోటలో రాశులు పోసినట్టున్నాయని నా వ్యాసంలో ఉంటుంది. అది సుగుణ మాట. నిజంగా అలాగే ఉన్నాయి. ఆ మాట ఆమెతో అంటే, తల ఊపి సీసాలో నీళ్లు తాగింది.

రాపర్‌లో రోటీ, బెండకాయ కూర, మజ్జిగతో భోజనం. అక్కడే పెట్రోలు నింపించుకోండి, తర్వాత బంకులు తక్కువ. సాయంత్రం నాలుగున్నరకు ధోలావీరా. వేల ఏళ్లనాటి ఊరి శిథిలాలు, నీళ్లు నిలవ చేసుకున్న రాతి గుంటలు గంటన్నరలో చూడొచ్చు. పోయినసారి నేను వీటి పక్కనే ఒక గదిలో మూలుగుతూ ఉన్నాను. ఈసారి ప్రతి మెట్టూ దిగి చూశాను. రాత్రి సజ్జ రొట్టె, వంకాయ కూర రెండోసారి వడ్డించుకుంటుంటే సుగుణ నా కంచం వైపు చూసి, "మీ ఇష్టం" అంది. రెండోసారిది వెనక్కి ఇచ్చేశాను.

మర్నాడు పొద్దున ఏడింటికి బయల్దేరితే, ఈ ప్రయాణంలో అన్నిటికన్నా అందమైన ముక్క మొదలవుతుంది. ధోలావీరా ఉన్న ఖడీర్ దీవి నుంచి ఖావ్‌డా వైపు వేసిన కొత్త రోడ్డు నేరుగా ఉప్పు మధ్య నుంచి పోతుంది. ముప్పై కిలోమీటర్ల దాకా మలుపు లేదు, చెట్టు లేదు. కొన్నిచోట్ల రెండు వైపులా నీళ్లు, కొన్నిచోట్ల గట్టిపడిన ఉప్పు. రోడ్డు పక్కన మూడుచోట్ల ఆగాం. దూరంగా రాజహంసలు గులాబీ గీతలా నిలబడి ఉన్నాయి. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను చెప్పులు విప్పి ఉప్పు మీద నడిచాను. కాంజీభాయ్ ఫోటో తీస్తూ, మేడమ్ పోయినసారి ఇక్కడే గంటసేపు నిలబడ్డారు, నేనే హారన్ కొట్టి పిలిచాను అన్నాడు. ఆ గంటసేపూ కారులో నేను పక్కకు ఒరిగి పడుకుని, త్వరగా పోనివ్వమని సణుగుతున్నాను. నా వ్యాసంలో ఈ చోటికి ఒక పేజీ ఉంది.

పదకొండుంబావుకు కాలా డూంగర్ కొండ. పైదాకా కారు వెళ్తుంది. కొండమీద గుడి దగ్గర మధ్యాహ్నం పూజారి అన్నం తెచ్చి ఒక అరుగు మీద పోసి పిలిస్తే, అడవి నక్కలు వచ్చి తిని పోతాయి. వాటి కోసం జనం గోడ పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్లలో తెలుగు మాట వినిపించింది. ఏలూరు నుంచి వచ్చిన ప్రసాదుగారు, ఆయన భార్య రాజ్యలక్ష్మిగారు. ఆయన చేతిలో ఫోన్, ఫోన్లో నా వ్యాసం. పక్కన అచ్చయిన ఫోటోకీ నా మొహానికీ రెండుసార్లు చూసి గుర్తుపట్టారు.

"మాస్టారూ, మీరు ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగుతూ వచ్చామండీ. నక్కలు మాత్రం రావట్లేదు, మీరే చెప్పాలి వాటికి" అన్నారాయన.

ఆ పూట వచ్చింది ఒక్క ఊరకుక్క. అన్నమంతా అదే తిన్నది. అందరం నవ్వుకున్నాం. అప్పుడు రాజ్యలక్ష్మిగారు సుగుణ చెయ్యి పట్టుకుని అడిగారు:

"ఈసారి ఒంట్లో బాగుందా అండీ? పాపం పోయినసారి ఏమీ చూళ్లేదుగా."

చెప్పాల్సింది నేను. నోరు తెరిచాను కూడా. సుగుణ నా వైపు చూడకుండానే, "ఈసారి బాగానే ఉన్నానండి" అంది. నేను నోరు మూసుకుని, కొండ కింద కనిపించే తెల్లటి నేల వైపు చూస్తూ నిలబడ్డాను. నా కోసం ఆమె అబద్ధం చెప్పడం అంతకు ముందు నేను వినడమే గానీ ఎదురుగా చూడలేదు.

భిరండియారాలో ఎడారిలోకి వెళ్లే పర్మిట్లు చూపించి, అక్కడి కోవా ఒక ముక్క తిని (ఒక్కటే), నాలుగింటికి చలికాలంలో ఎడారి ఉత్సవం జరిగే ధోర్డో చేరాం. గుడారాలు, అద్దాల కుట్టుపని దుకాణాలు, ఒంటెలకు కట్టిన రంగుల తాళ్లు, డోలు వాయిస్తున్న పాటగాళ్లు. ఊరేగింపు ఉన్న తిరునాళ్లలా సందడిగా ఉంది. అక్కడి నుంచి బస్సులో తీసుకెళ్లి ఎడారి అంచున దింపుతారు. సూర్యుడు దిగేలోపు వెళ్లండి. ఒక వైపు సూర్యుడు దిగుతుంటే ఇంకో వైపు చంద్రుడు లేచాడు. కాళ్ల కింద నేల ముందు ఎర్రబడి, తర్వాత నీలంగా మారి, ఆ తర్వాత పాలు పోసినట్టు తెల్లబడింది. నా జీవితంలో అంత విశాలమైన ఖాళీ చోటు చూడలేదు. మనసు హాయిగా ఉంది. హాయిగా ఉన్నందుకే ఇంకా తప్పు చేసినట్టుంది.

"పోయినసారి ఇక్కడ నీకేమనిపించింది?" అని అడిగాను.

"మీరు రాశారుగా" అంది. శాలువా కప్పుకుని బస్సు వైపు నడిచింది.

మేం దిగింది హోడ్కాలో, మట్టి గోడల గుండ్రటి గుడిసెల బసలో. ఏలూరు దంపతులూ అక్కడే దిగారు. పొద్దున ఎనిమిదింటికి టీ తాగుతుండగా నేను వాళ్లకు చెప్పేశాను. జబ్బుపడింది నేననీ, ఆ వ్యాసంలో ఉన్న కళ్లు నావి కావనీ. ప్రసాదుగారు ఫోన్ బోర్లా పెట్టేశారు. రాజ్యలక్ష్మిగారు మాత్రం నన్ను వదిలేసి సుగుణనే నిలదీశారు, ఇన్నేళ్లు ఎట్లా ఊరుకున్నారని.

"ఏం చేయనండీ, ఆయన తాగాల్సిన ఉప్పూ పంచదారా నీళ్లు నేను కలపాలాయె" అంది సుగుణ. అందరూ పెద్దగా నవ్వారు. నా బరువు దిగిపోయిందనుకున్నాను.

దిగలేదు. భుజ్ దాకా గంటన్నర దారిలో ఆమె కాంజీభాయ్‌తోనే మాట్లాడింది. భుజ్‌లో బన్నులో కూర పెట్టి ఇచ్చే దాబేలీ తిన్నాం, అద్దాల పని సంచులు రెండు కొన్నాం, రాత్రి బండిలో అహ్మదాబాద్, మర్నాడంతా అక్కడ బజార్లు చూసుకుని, రాత్రికి విజయవాడ బండి. తిట్టలేదు, ముభావంగానూ లేదు. ఆ నాలుగేళ్లూ ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

ఆ మర్నాడు సాయంత్రం బల్లార్షా దాటాక మా బోగీ కాస్త ఖాళీ అయింది. ఎదురు సీట్లో ఎవరూ లేరు. ఇంక అడిగేశాను. వాళ్లిద్దరి ముందూ ఒప్పుకున్నాను కదా, ఇంకా ఏం మిగిలిందని.

"వాళ్లకు చెప్పారు. నాకేం చెప్పారు?" అంది. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది. "జబ్బు నాకు రాసినందుకు నాకేం కోపం లేదండీ. మొగుడికి కడుపు చెడిందని ఊరంతా చెప్పుకుంటానా, మీరు రాయకపోయినా నేనే దాచేదాన్ని. ఆ తెల్ల నేల చూసొచ్చి మీతో ఏమన్నానో గుర్తుందా?"

గుర్తుంది. బూడిద తెగులు కమ్మిన తోటలా ఉందండీ, ఒక్క క్షణం గుండె జారిపోయింది అంది.

"మీరేం రాశారు?"

"తెల్లగా విరగబూసిన మామిడి తోటలా ఉందని."

"మామిడి పూత తెల్లగా ఉంటుందా అండీ? తెల్లబడిందంటే తెగులు పట్టి రాలిపోతున్నట్టు. ఆగిరిపల్లిలో అది చదివి మిమ్మల్నెవరూ ఏమీ అనలేదు. మాస్టారిది వరి ఊరు, ఆయనకేం తెలుసు, పూత సంగతి వాళ్లావిడే చెప్పుంటుంది అన్నారు. ఆ ఏడు రెండు తోటల వాళ్లు నన్ను పిలవలేదు. మా నాన్న దగ్గర నేర్చుకున్న చూపండీ అది. ఇంకోటి చెప్తే దాన్నేం చేస్తారోనని చెప్పడం మానేశాను."

తెగులు అని రాస్తే ఆ చోటు చూడ్డానికి ఎవరొస్తారనుకుని, అందంగా ఉండాలని మార్చాను. ఆ వాక్యాన్ని నాలుగేళ్లుగా నేను గుర్తు కూడా చేసుకోలేదు. ఎక్కువమంది మెచ్చుకున్నది దాన్నే.

"సుగుణా, నువ్వు చూసింది నేను చూశానని రాయడం ఒక తప్పు. నువ్వు సరిగ్గా చూసినదాన్ని నేను తప్పుగా మార్చడం అంతకన్నా పెద్ద తప్పు. నీ పేరు చెడగొట్టాను. నన్ను క్షమించు" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "నాకు చెప్పారు, బాగానే ఉంది. ఆగిరిపల్లికి ఎవరు చెప్తారు?" అంది.

అందుకే ఇది రాస్తున్నాను. ఆ దారికి వెళ్లాలనుకునే వాళ్లు తప్పకుండా వెళ్లండి. ఆగే చోట్లన్నీ నేను చెప్పినవే, కాకపోతే అవి చూపించింది నేను కాదు. ఇక మా తోటల వాళ్లకు: మామిడి పూత తెల్లగా ఉండదు. లేత పసుపులో ఎర్ర జీర కలిసి ఉంటుంది. తెల్లగా ఉంటుందని రాసింది నేను. సుగుణ ఆ మాట ఎన్నడూ అనలేదు, ఆమె చెప్పిందానికి అది సరిగ్గా తిరగేసిన మాట. మీ అందరి ముందూ ఆమెను క్షమాపణ అడుగుతున్నాను. ఆ ఏడు ఆమెను పిలవడం మానేసిన రెండు తోటల వాళ్లూ నన్నేమైనా అనండి, పడతాను. పూత వచ్చే వేళయింది, ఆమెను పిలవండి.