గౌరికి పదో ర్యాంకు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. అంత తెలివీ తర్వాత ఎటు పోయిందా అని ఇప్పుడు బెంగగా ఉంటుంది కానీ, ఇరవై రెండేళ్ళ వయసులో, డిగ్రీ చేతికొచ్చి, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర కళ్ళజోళ్ళ షాపులో మొదటి ఉద్యోగం దొరికి, ఫోన్లో సొంతంగా ఒక బ్లాగు తెరుచుకున్న మనిషికి, లోకంలో ఏది గొప్పదో ఏది చెత్తో తేల్చడానికి అర నిమిషం చాలు. నా బ్లాగు పేరు ‘నెలాఖరు పది’. నెలంతా చదివిన నవలలు, బొమ్మల కథల పుస్తకాలు, చూసిన సినిమాలు అన్నీ కలిపి పది ఏరి, వాటికి వరసగా ర్యాంకులిచ్చి, ఒక్కోదాని మీద నాలుగు ముక్కలు రాసి, నెల ఆఖరి రోజు సాయంత్రానికల్లా పెట్టేసేదాన్ని. నవలకీ సినిమాకీ, సినిమాకీ కోతి బొమ్మల పుస్తకానికీ పోటీ ఏమిటని ఎవరైనా అడగొచ్చు. ఎవరూ అడగలేదు. (అడగాలంటే ముందు చదవాలి కదా. నా పాఠకులు మొత్తం పదకొండుగురు. అందులో ముగ్గురం నేనే.)

మాది ఉయ్యూరు పక్కన పల్లెటూరు. పొద్దున్నే బస్సెక్కితే కంకిపాడు, పెనమలూరు, పోరంకి దాటుకుంటూ బెంజ్ సర్కిల్లో దిగేసరికి గంట పైనే పట్టేది. కిటికీ పక్కన సీటు దొరికితే నవల, నిలబడాల్సొస్తే బొమ్మల పుస్తకం, ఒంటికాలి మీద నిలబడాల్సొస్తే ఫోన్లో సినిమా. ఇదీ నా సాహిత్య సేవ. షాపులో నా పని, వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి గోడ మీది అక్షరాల చార్టు చదివించడం. ‘ఆఖరి వరస కూడా చదవండి, మధ్యలో వదిలెయ్యకూడదు’ అని రోజుకి ఎన్నిసార్లు చెప్పేదాన్నో! ఆ మాట నాకు నేను ఒక్కసారి చెప్పుకుని ఉంటే ఇప్పుడీ కథ చెప్పాల్సిన పని ఉండేది కాదు.

ఒక శనివారం మధ్యాహ్నం ఆ కుర్చీలోకి మా పశువుల డాక్టరు గారు వచ్చి కూర్చున్నారు. కంకిపాడులో ఉంటారు, రిటైరై రెండేళ్ళయింది. మా ఇంట్లో ఆయనంటే దేవుడితో సమానం. ఒక వానాకాలంలో మా గేదెకి దూడ అడ్డం తిరిగితే, మోకాలి లోతు బురదలో నడిచొచ్చి, రెండు ప్రాణాలూ నిలబెట్టి, అమ్మ ఇచ్చిన టీ నీళ్ళు కూడా తాగకుండా ఇంకో ఊరు వెళ్ళిపోయిన మనిషి. చార్టు అంతా తడుముకోకుండా చదివేసి, సంచీలోంచి ఒక పుస్తకం తీసి నా చేతిలో పెట్టారు.

“నాన్నగారు చెప్పారమ్మా, నువ్వు పుస్తకాల మీద రాస్తావంట గదా. నేనూ ఒక నవల రాశాను. తీరిగ్గా చదువు. బాగోకపోతే బాగోలేదనే రాయి, మొహమాటపడకు.”

“అయ్యో, తప్పకుండా అండీ,” అన్నాను, నెలకి రెండొందల నవలలు నా బల్ల మీదికొచ్చి పడుతున్నట్టు. అట్ట మీద కాలవ, పొద్దు గూకుతున్న ఆకాశం, నీళ్ళ మధ్యలో నల్లటి మరకలాంటిదేదో ఉన్నాయి. అచ్చులో సిరా ఒలికిందేమో, పాపం, సొంతంగా వేయించుకున్న పుస్తకం కదా అనుకుని సంచీలో పడేశాను. అది మూడు వారాలు ఆ సంచీలోనే, లంచ్ బాక్సు కింద, బెంజ్ సర్కిల్‌కీ మా ఊరికీ తిరిగింది.

నెల ఆఖరి రోజు రానే వచ్చింది. లెక్క చూసుకుంటే తొమ్మిదే ఉన్నాయి. తొమ్మిదోది ఒక డబ్బింగు సినిమా. సముద్రంలోంచి తాటిచెట్టంత ఎండ్రకాయ లేచొచ్చి ఊరూరూ తొక్కేస్తుంది. ఇంకొక్కటి కావాలి. ‘నెలాఖరు పది’ని ‘నెలాఖరు తొమ్మిది’ చేస్తే ఆ పదకొండుగురికీ ఏం మొహం చూపించను? సాయంత్రం బస్సెక్కగానే డాక్టరు గారి నవల తీసి, మధ్యలో ఎక్కడ తెరుచుకుంటే అక్కడి నుంచి మొదలుపెట్టి, కంకిపాడు వచ్చేదాకా చదివాను. కంకిపాడులో పుస్తకం మూసి, ఉయ్యూరు వచ్చేలోపు సమీక్ష రాసేశాను. పదో ర్యాంకు. రాసింది ఇదీ:

‘కథానాయిక గౌరి పాత్రలో సహజత్వం లేదు. మధ్యాహ్నమంతా కాలవలో మెడలోతు నీళ్ళలో కూర్చుంటుంది. ఏ ఇల్లాలికి అంత తీరిక? నవలలో ఒక్క మాట మాట్లాడదు. స్త్రీ పాత్రలకి గొంతు లేకుండా చెయ్యడం మన రచయితలకి పాత జబ్బే. కథానాయకుడు గౌరిని ప్రేమిస్తున్నానంటూనే ‘అది’, ‘దాన్ని’ అంటాడు. ఈ కాలంలో ఇది క్షమించరానిది. అన్నిటికన్నా ఘోరం, గౌరి నొప్పులు పడుతుంటే పక్కూళ్ళో ఆసుపత్రి ఉండగా పశువుల డాక్టరుని పిలుస్తారు! తన వృత్తిని ఎలాగైనా కథలో ఇరికించాలన్న రచయిత తాపత్రయం తప్ప ఇందులో ఇంకేమీ లేదు.’

చాలా ధైర్యంగా రాశాననిపించింది. దేవుడిలాంటి మనిషని వెనకాడలేదు, సాహిత్యానికి బంధుత్వాలుండవు అనుకుంటూ బస్సు దిగి, ఇంటికెళ్ళి గోంగూర పచ్చడితో అన్నం తిని పడుకున్నాను.

మూడో రోజు ఫోన్ తెరిస్తే నా బ్లాగుని నాలుగు వందల మంది చూశారని ఉంది. ఫోన్ పాడైందేమో అని ఆపి మళ్ళీ తెరిచాను. ఇంకో ముప్ఫై మంది పెరిగారు. పొద్దున పాలు పోసొచ్చిన నాన్న, క్యాను అరుగు మీద పెట్టి నా వంక చిత్రంగా చూశాడు.

“నువ్వు రాసింది పాల కేంద్రంలో అందరూ చదివారమ్మా. పాడి రైతుల గ్రూపులో వచ్చిందంట.”

“ఏమన్నారు నాన్నా?”

“ఏమంటారు... సంతోషించారు,” అని పెరట్లోకి వెళ్ళిపోయాడు. వెనక భుజాలు కదులుతుంటే దగ్గొస్తోందనుకున్నాను. అమ్మ వంటింట్లోంచి, “ఏమే, మన గేదెక్కూడా నీ పాత చీర ఏదైనా ఉంటే ఇవ్వవే, చలికాలమొస్తోంది,” అంది. అమ్మ మాటలకి అప్పుడప్పుడు అర్థం ఉండదులే అని ఊరుకున్నాను.

ఆ రెండు రోజులూ నా జీవితంలో మళ్ళీ రాలేదు. బస్టాపులో ఎప్పుడూ పలకరించని పెద్దాయన దగ్గరికొచ్చి, “ఏమ్మా, గౌరికి న్యాయం జరుగుద్దంటావా?” అని అడిగాడు. “సమాజం మారితే తప్ప జరగదండీ,” అన్నాను గంభీరంగా. ఆయన పైకండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కదిలిపోయాడనుకున్నాను. బస్సులో ఒకావిడ నా మోచెయ్యి పట్టుకుని, “మా ఇంట్లోనూ ఒక గౌరుందమ్మా, అదీ మాట్టాడదు,” అంది. కష్టాల్లో ఉన్న కోడలేమోననుకుని, “భయపడొద్దని చెప్పండి, మేమంతా ఉన్నాం,” అని ధైర్యం చెప్పాను. ఆవిడ పోరంకి దాకా కిటికీ వైపు తిరిగే కూర్చుంది.

రెండో రోజు సాయంత్రం డాక్టరు గారు నాన్నకి ఫోన్ చేశారు. ఆదివారం కంకిపాడులో పుస్తక పరిచయ సభ పెట్టుకున్నారట, అమ్మాయి వచ్చి మాట్లాడాలట. అంత తిట్టినా పిలిచారంటే ఎంత పెద్ద మనసో అనిపించింది. అలాంటి మనిషి ముందు మాట్లాడాలంటే పుస్తకంలోంచి ఒకటి రెండు మంచి మాటలైనా ఏరుకోవాలి కదా. మర్నాడు పొద్దున్నే కిటికీ సీటు పట్టుకుని, ఈసారి పద్ధతిగా మొదటి పేజీ తీశాను. మొదటి వాక్యం ఇలా ఉంది:

‘గౌరిని సంతలో కొన్నప్పుడు దాని వయసు నాలుగేళ్ళు, పూటకి ఐదు లీటర్లు ఇచ్చేది.’

నేను “అమ్మో” అని పైకే అన్నానట. కండక్టరు స్టాపేమో అనుకుని విజిలేశాడు. బస్సు ఆగింది. అందరూ నన్నే చూస్తున్నారు. దిగకపోతే బాగుండదని దిగిపోయాను. అది పెనమలూరుకి ఇవతల, చుట్టూ చెరుకు చేలు తప్ప ఏమీ లేని చోటు. రోడ్డు పక్కన నిలబడి పుస్తకం అట్ట మళ్ళీ చూశాను. సిరా మరకకి రెండు కొమ్ములున్నాయి.

వెంటనే బ్లాగులోంచి తీసేశాను. ఏం లాభం, అప్పటికే నా సమీక్ష ఉయ్యూరు నుంచి గుడివాడ దాకా పాలిచ్చే ప్రతి ఊళ్ళోనూ ఉంది. ‘దేవుడిలాంటి మనిషి, ఎన్నేళ్ళు కూర్చుని రాశారో’ అన్న ఆలోచన అప్పుడొచ్చింది. నవ్వులపాలైనందుకు కాదు, అందుకు ఏడుపొచ్చింది. ఆదివారం జ్వరమని ఇంట్లో పడుకుంటే సరి అనుకున్నాను. నాన్న ఒప్పుకోలేదు. “అలాగైతే ఆ రోజు ఆయనా బురదలో రాకుండా ఉండాల్సింది, ఆయనకీ జ్వరమని చెప్పే దారి ఉంది,” అన్నాడు. నాన్న నన్ను అన్న గట్టి మాట అదొక్కటే.

మిగిలిన మూడు రోజులూ బస్సులో వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ, భోజనం వేళా ఆ నవలే చదివాను. నిజం చెప్పాలంటే మధ్యలో పశువులకొచ్చే గాలికుంటు జబ్బు టీకాల గురించి రెండు అధ్యాయాలు కొరుకుడు పడలేదు. కానీ వరదకి కాలవ పొంగి, తాడు తెంపుకుపోయిన గౌరి మూడో రోజున చిక్కిపోయి తనంతట తనే వాకిట్లోకొచ్చి నిలబడితే, దాన్ని కొన్న రైతు దాని మెడ మీద తల పెట్టుకునే చోట, షాపులో అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఆదివారం సభ ఒక కల్యాణ మండపం భోజనాల హాల్లో. అరవై డెబ్భై మంది రైతులు, ఆడవాళ్ళు. నేను కనిపించగానే గుసగుసలు. మైకు సరిచేస్తున్న డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి, తల ఎత్తకుండా చెప్పేశాను.

“క్షమించండి డాక్టరు గారూ. నేను మీ పుస్తకం చదవకుండానే రాశానండీ.”

“తెలుసమ్మా. తొంభై ఆరో పేజీ నుంచి నూట ఇరవై దాకా చదివావు. నువ్వు రాసిందంతా ఆ పేజీల్లోదే.”

“మరి గ్రూపులో...”

“నేనే పెట్టాను.” ఆయన కళ్ళు నవ్వుతున్నాయి. “మూణ్ణెల్లుగా పుస్తకాలు అటక మీదే ఉన్నాయి తల్లీ. ఊరికే ఇస్తానన్నా ఎవడూ ముట్టుకోలా. నీ రాత చదివాక ఈ గౌరి సంగతేంటో చూద్దామని ఇంటికొచ్చి పట్టుకుపోయారు. ఇంకో మాట చెప్పనా? ముప్ఫై ఏళ్ళ సర్వీసులో గేదెని చూసి గేదె అన్నవాళ్ళే అందరూ. ఇరవై ఐదు పేజీలు చదివి దాన్ని మనిషే అనుకున్నది నువ్వొక్కదానివే. రాసినోడికి అంతకన్నా ఏం కావాలి?”

అంతలో ఆయన మొహం ముడుచుకుంది.

“కానీ ఒక్కటి మాత్రం నేను ఒప్పుకోను. ఆ ఎండ్రకాయ సినిమా నేనూ చూశాను. నా గౌరికి సహజత్వం లేదా? ఆ ఎండ్రకాయ ముందుకి నడుస్తుంది! లోకంలో ఎక్కడైనా ఎండ్రకాయ ముందుకి నడుస్తుందా? దానికి తొమ్మిదో ర్యాంకిచ్చి, నా దాన్ని దాని కింద పెడతావా?”

ఇది తమాషా కాదు. నిజంగానే బాధపడ్డారు. (ఆ తర్వాత చాలా ఏళ్ళు, కనపడినప్పుడల్లా ఆ నడక సంగతి ఎత్తేవారు.)

మైకు ముందు నిలబడి, రాసుకొచ్చిన కాగితం మడిచేసి, జరిగింది జరిగినట్టు చెప్పాను. బస్సు, నెలాఖరు, సిరా మరక, చెరుకు చేల మధ్య దిగడం, అన్నీ. హాలంతా విరగబడి నవ్వింది. ముందు వరసలో నాన్న కూడా ఈసారి దాచుకోకుండా నవ్వాడు. తర్వాత గౌరి తిరిగొచ్చిన పేజీ చదువుతానన్నాను. చదువుతుంటే నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చివరికొచ్చేసరికి ఒకే వాక్యం రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. ముందు వరసలోంచి ఒక పెద్దామె, “తొందర లేదమ్మా, నిదానంగా చదువు,” అంది. నిదానంగా చదివాను.

అయ్యాక వెనక నుంచి ఎవరో లేచారు. “ఇప్పుడు గౌరికి ఎన్నో ర్యాంకు మరి?”

“ఈ నెల నేను చదివింది ఇదొక్కటేనండీ,” అన్నాను.

“అయితే ఫస్టూ అదే, లాస్టూ అదే!” అని ఆయనే తీర్పు చెప్పేసి కూర్చున్నాడు. పకోడీలు వచ్చాయి.

‘నెలాఖరు పది’ ఇంకో ఆర్నెల్లు నడిచింది. కానీ అది ఒక్కోసారి ‘నెలాఖరు నాలుగు’, ఒక్కోసారి ‘నెలాఖరు ఒకటిన్నర’ అయ్యేది. తర్వాత ఉద్యోగం మారింది, పెళ్ళయింది, ఎప్పుడు ఆగిందో కూడా తెలియదు. మొన్నొక సెలవు రోజు ఏదో వెతుకుతుంటే ఆ బ్లాగు తగిలింది. ఎవరూ చెరపకుండా అలాగే ఉంది. పాత నెలలన్నీ ఒక్కొక్కటే చదువుకుంటూ పోయాను. ఒక నెల మూడో ర్యాంకు ఇచ్చిన నవల మీద ‘చివరి అధ్యాయం అద్భుతం, తెలుగులో ఇలాంటి ముగింపు రాలేదు’ అని రాశాను. ఆ ముగింపేమిటో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆ రచయిత మా వైపువాడు కాదు కాబట్టి తప్పించుకున్నానేమో, తెలియదు. ఇప్పుడు ఒక పుస్తకం పూర్తిచేయడానికి నాకు నెల చాలడం లేదు, బాగుందో లేదో చెప్పడానికి ఇంకో నెల పడుతోంది. ఆ పిల్ల మాత్రం ఉయ్యూరు బస్సులో, కిటికీ పక్కన, పది స్టాపుల్లో సాహిత్యమంతా తేల్చేసి కూర్చుంది. చూస్తే నవ్వొచ్చింది. కాస్త అసూయగా కూడా ఉంది.