వామి కాలుతుంటే వాదన

మీ వీధిలో ఇప్పటికిప్పుడు నిప్పంటుకుంటే, మీరెక్కడున్నారో ఒక్క మాటలో చెప్పగలరా? చెప్పగలమనే అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ ధీమాతోనే ఒక మధ్యాహ్నం పొరుగింటి మేత వామిలో సగాన్ని బూడిద చేయించాను. నిప్పు పెట్టింది నేను కాదు, ఆ నింద నాకొద్దు. నిప్పు ఆర్పేవాళ్లకు దారి చెప్పింది మాత్రం నేనే.

బత్తలపల్లెకు దగ్గర్లోని మా ఊళ్లో, మా ఇల్లు సుంకులమ్మ గుడికి ఎదురుగా ఉంటుంది. ఈ వాక్యం రాయడానికి నాకు ఇంతకాలం పట్టింది. అప్పట్లో నేను కొత్తగా పదునెక్కిన హేతువాదిని. నా చిరునామాలో దేవతకు చోటు లేదని నిండు సభలో ప్రతిజ్ఞ చేసి వచ్చాను. వీధి మొదట్లో ఎప్పుడో మూతబడిన గ్రంథాలయం ఒకటుంటే, దాని పేరున "మూతబడిన గ్రంథాలయం వీధి" అని రాసుకునేవాణ్ణి. ఉత్తరాలు రావడం మానేశాయి. దాన్నీ నా విజయాల్లోనే కలుపుకున్నాను. అంతటితో ఆగక ఫోన్లో లొకేషన్ కూడా ఆపేశాను. నేనెక్కడ నిలబడ్డానో ప్రభుత్వానికెందుకు?

ఆ మధ్యాహ్నం ఎక్కడినుంచో గాలికి ఎగిరొచ్చిన నిప్పురవ్వ పక్కింటి ఓబుళమ్మక్క పెరట్లోని వేరుశనగ కట్టె వామి మీద పడింది. వానల్లేని ఏడు అది. మళ్లీ పంట వచ్చేదాకా ఆమె ఆవులు రెండూ బతకాల్సింది ఆ మేతతోనే. అది పోతే వాటిని సంతకు తోలాల్సిందే. ఆమె ఆవుల పలుపులు విప్పుతూ అరిచింది.

"ఏమప్పా, చూస్తా నిలబడినావే. ఫోను చెయ్."

అత్యవసర నంబరుకు చేశాను. మర్యాదగల ఆడగొంతు పలికింది.

"సర్, మీ ఫోన్లో లొకేషన్ ఆపేసినట్టున్నారు. మెసేజ్ పంపాను. అందులో లింకు నొక్కితే మీరెక్కడున్నారో మాకు కనిపిస్తుంది."

"నేనెక్కడున్నానో మీకెందుకమ్మా?"

"ఫోన్ చేసింది మీరే కదా సర్."

ఆ తర్కంలో ఎంత వెతికినా లోపం దొరకలేదు. అందుకని మాట మార్చాను. "బత్తలపల్లె దగ్గర, మూతబడిన గ్రంథాలయం వీధి అని రాసుకోండి."

"దగ్గర్లో గుడి, బడి, ఏదైనా గుర్తుందా సర్?"

బుద్ధున్నవాడెవడైనా ఇక్కడ గుడి పేరు చెప్పి ఊరుకుంటాడు. నేను చర్చకు దిగాను.

"గుర్తంటే ఏమిటమ్మా? అందరికీ కనిపించేది. దేవత ఇంతవరకూ ఎవరికైనా కనిపించిందా?"

"దేవత వద్దు సర్. గోడ కనిపిస్తే చాలు."

ఎన్నో వేదికలెక్కాను గాని ఇంత చిన్న వాక్యంతో ఎవరూ నన్ను కింద కూర్చోబెట్టలేదు. అయినా కూర్చోలేదు. గ్రంథాలయమే అని పట్టుబట్టాను. వెనక వామి చిటపటలాడుతుంటే, చప్పట్ల కోసం ఆగిన వక్తలాగా ఒక్క క్షణం ఆగాను కూడా.

ఫైరింజన్ బయలుదేరింది. కాసేపటికి డ్రైవరు ఫోన్ చేశాడు.

"అన్నా, గ్రంథాలయం కాడికి వచ్చినాం. ఈడ ఒగాయన పేపరు చదువుతాండాడు. మంట యాడుండాది?"

పక్క ఊళ్లో ఒక గ్రంథాలయం ఇంకా తెరిచే ఉందని నాకు తెలిసింది ఆ రోజే.

"అది కాదప్పా, మూతబడింది కావాల."

"దీన్ని మూయమని చెప్పాల్నా అన్నా?"

మసి చేతులతో ఓబుళమ్మక్క నా ఫోను లాక్కుంది. "సుంకులమ్మ గుడి ఎదురుగ్గా రా నాయనా. బిరీన రా."

"అట్ల చెప్పాల గదక్కా."

వచ్చారు, ఆర్పారు. సగం వామి మిగిలింది. ఓబుళమ్మక్క ఆవుల్ని తెచ్చి మా గేటుకు కట్టింది. "సగం మేత నీ నోరు తినేసినాది. ఈటిని సంతకు తోలమంటావా, నువ్వు మేపుతావా?" ఆవులు సంతకు పోలేదు. ఆ ఏడు గోరంట్ల దాకా తిరిగి మేత మోసుకొచ్చిన మనిషెవరో మీరడగొద్దు.

పోయే ముందు డ్రైవరు బండిలోని మ్యాపు తెర మీద మా చోటుకు గుర్తు పెట్టి, పేరు కొట్టాడు. తొంగి చూశాను. "సుంకులమ్మ గుడి ఎదురుగా, వాదించే సారు ఇల్లు."

"మొదటి సగం తీసేయప్పా."

"తీసేస్తే నిన్ను యాడని ఎతికేదన్నా?"

ఆ విధంగా సుంకులమ్మా నేనూ ఫైరింజన్ తెర మీద ఒకే వరుసలో వెలిశాం.

దేవుడి మీద ఒట్టేసే అలవాటు నాకు లేదు కాబట్టి ఓబుళమ్మక్క ఆవుల మీద ఒట్టు. మంట మండుతుండగా ఇక ఏ మాటకూ నిర్వచనం అడగను. దేవతను ఇప్పటికీ నమ్మను. గోడను నమ్ముతున్నాను.

మీరు తలూపి పేజీ తిప్పేయకండి. ఫోన్ తీయండి. లొకేషన్ ఆన్ చేయండి. మీ ఇంటికి గుర్తేమిటో పక్కింటివాళ్లకు వినపడేలా ఒకసారి పైకి చెప్పండి.