చెయ్యి పట్టుకుని కూర్చునే సిస్టర్

ఆ ఆస్పత్రి రెండో అంతస్తులో ఇరవయ్యారేళ్లుగా పనిచేస్తున్న ఆవిడను డాక్టర్లతో సహా అందరూ పెద్ద సిస్టర్ అనే పిలుస్తారు. మోకాళ్లు అరిగాయి గానీ నోరు మాత్రం అరగలేదు. ఆవిడకో అలవాటుంది. మంచం పక్కకు స్టూలు లాక్కుని, నాడి చూస్తున్నట్టు రోగి మణికట్టు పట్టుకుని, నిజానికి దుప్పటి కింద పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో నిమిషంపాటు లెక్కపెడుతుంది. ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే ఏ మనిషీ మామూలుగా పీల్చడు మరి.

ఈ సంగతి కొత్త మేనేజరుకు ఎవరు చెప్పాలి? ఆయన మొన్నటిదాకా బట్టల షోరూములు నడిపిన పెద్దమనిషి. సూదిని చూస్తే మొహం తిప్పుకుంటాడు గానీ, సూదులు వేసేవాళ్లకు పాఠాలు చెప్పమంటే ముందుంటాడు. వారం రోజులు వార్డులో తచ్చాడి, "రోగుల చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చోవడం: రోజుకు నలభై నిమిషాలు" అని రాసుకున్నాడు. మర్నాటికల్లా స్టూళ్లన్నీ గోడౌనుకు పోయాయి.

"కూర్చోడానికి మనమేమన్నా చుట్టాలింటికి వచ్చామా సిస్టర్?" అన్నాడు పైగా.

ఆ సోమవారం మధ్యాహ్నం ఏడో మంచం మీద పదహారేళ్ల పిల్ల ఉంది. పొద్దున్నే ఆపరేషనయింది. తల్లి పక్కనే నిలబడి ఉంది. వేలికి తగిలించిన మిషను అంతా బాగుందనే చెబుతోంది. పెద్ద సిస్టర్‌కు మాత్రం ఆ పిల్ల పెదాల రంగు నచ్చలేదు. స్టూలు లేదు కదా, పంటి బిగువున నేలమీద మోకాళ్లూని చెయ్యి పట్టుకుంది.

అప్పుడే మేనేజరు వచ్చాడు. "సిస్టర్, సమయపాలన మీద మీటింగు. అందరూ మీకోసమే చూస్తున్నారు."

"ఒక్క నిమిషం సార్."

"మీ ఒక్క నిమిషాల వల్లే కదా ఈ మీటింగు. లేవండి."

ఆవిడ లేవలేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. ముప్పై రెండు, ముప్పై మూడు, ముప్పై నాలుగు. నిమిషానికి ఇరవై లోపు ఉండాల్సిన లెక్క అది.

"ఏమైందమ్మా?" అంది తల్లి.

"డాక్టరుగారిని పిలుస్తున్నా. నువ్వు ఇక్కడే ఉండమ్మా."

పావుగంటలో పిల్ల మళ్లీ థియేటర్లో ఉంది. కడుపులో రక్తం కారుతోందట. ఇంకో గంట ఆగుంటే దక్కేది కాదన్నాడు సర్జను.

సాయంత్రానికి పెద్ద సిస్టర్‌కు మేనేజరు సంతకంతో మెమో అందింది. మీటింగుకు గైర్హాజరు, సంజాయిషీ ఇవ్వవలెను. సిగ్గూ శరమూ ఉన్నవాడైతే ఆ కాగితం మీద సంతకం పెడతాడా?

ఆవిడ తిన్నగా మేనేజరు గదికి వెళ్లింది. "సార్, చెయ్యి ఇలా ఇవ్వండి." ఎందుకో తెలియకపోయినా ఆయన ఇచ్చాడు. నిమిషం గడిచింది.

"నాడి బాగానే ఉందా?"

"నాడి చూళ్లేదు సార్. మీ ఊపిరి లెక్కపెట్టాను. ఇరవై రెండు. మీకు తెలిసిందా?"

"లేదు."

"ఆ పిల్లకీ తెలీలేదు. ఇదే నా సంజాయిషీ. కాగితం మీద కూడా రాయమంటారా?"

మర్నాడు స్టూళ్లు తిరిగొచ్చాయి. అలాగని ఊరికే వచ్చాయా? ఒక్కోదాని మీదా ఒక చీటీ అంటించి ఉంది: "కూర్చొనుటకు గరిష్ఠ సమయం ఒక నిమిషం."

పెద్ద సిస్టర్ ఆ చీటీ మీదే కూర్చుని, ఏడో మంచం పిల్ల ఊపిరి రెండుసార్లు లెక్కపెట్టింది. పద్దెనిమిది. మళ్లీ పద్దెనిమిది.