తక్లా బట్టీలో మారిన గిన్నెలు

మా ఊరు కఫర్ తౌత్‌లో ప్రతి ఇంటికీ తనదంటూ ఒక జాతర్ పొడి ఉంటుంది. కొండమీద కోసుకొచ్చిన జాతర్ ఆకుని నీడన ఎండబెట్టి, నలిపి, అందులో నువ్వులు, ఉప్పు, పుల్లటి ఎర్రటి సుమాక్ పొడి కలుపుతారు. చెప్పుకోవడానికి ఇంతే. ఏది ఎంత వేస్తారని అడిగితే మాత్రం మీకు ఊళ్ళో స్నేహితులు మిగలరు. పక్కింటివాళ్ళ పొడి బావుందని మా ఆయన అనాలనుకుంటే, నేను పెరట్లోకి వెళ్ళేదాకా ఆగి అంటాడు.

శనివారం పొద్దున్నే ఆ పొడిని ఆలివ్ నూనెలో కలిపి, గిన్నెలో పోసి, తక్లా నడిపే రొట్టెల బట్టీకి పట్టుకెళతాం. ఆమె పిండి ముద్దల్ని వేళ్ళతో ఒత్తి, ఎవరి గిన్నెలోది వాళ్ళ రొట్టెలకు పులిమి, బట్టీలో కాల్చి ఇస్తుంది. ఖాళీ గిన్నెలు ఆనక కడిగి పంపుతుంది. మా ఇల్లు బట్టీకి ఎదురుగానే ఉంది కాబట్టి ఎవరు ఎప్పుడొచ్చారో, ఎవరు ఎవర్ని చూసి మొహం తిప్పుకున్నారో నాకు తెలుస్తూనే ఉంటుంది. నేను పనిగట్టుకుని చూస్తానని కాదు, కిటికీ అటువైపు ఉంది, అంతే.

తక్లా మొగుడు బద్రీ పోయినప్పుడు బట్టీ మూతపడుతుందనే అందరూ అనుకున్నారు. సంతాపపు నల్లబట్టల్లోనే వచ్చి పొయ్యి రాజేసింది మహాతల్లి. ఆమె కనుబొమల్లో సగం ఎప్పుడూ కమిలిపోయే ఉంటాయి, చేతులు మగాడి చేతుల్లా ఉంటాయి. పెళ్ళి చేసుకోమని ఒకాయన పెద్దమనుషుల్ని పంపితే, పొద్దున్నంతా బట్టీ ముందు ఉడుకుతున్నానని, సాయంత్రం కూడా ఇంకొకరి ముందు ఉడకలేనని చెప్పి, వాళ్ళకి వేడి రొట్టెలు తినిపించి పంపింది. మనిషికి దిగులంటే పడదు. నవ్వితే మా ఇంటిదాకా వినిపిస్తుంది.

ఆమె బట్టీకి ఒకటే కట్టుబాటు. గిన్నె మారకూడదు. పెద్ద రోడ్డు మీద కొత్త దుకాణం వచ్చింది. అక్కడ ప్యాకెట్లో పొడి రాసి, క్షణంలో రొట్టె చేతిలో పెడతారు, కూర్చోడానికి కుర్చీలు కూడా వేశారు. అయినా మేము తక్లా దగ్గరికే వెళ్తున్నామంటే, నా రొట్టె మీద నా పొడే ఉంటుందన్న నమ్మకంతోనే. ఆ నమ్మకం పోయిన రోజున ఆమెకు మిగిలేది ఇటుకల గుట్టే. ఆ సంగతి అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

ఇక అక్కాచెల్లెళ్ళ సంగతి. వర్దె పెద్దది, నబీహా చిన్నది. వాళ్ళమ్మ పోయిన నలభయ్యో రోజున భోజనాల దగ్గర ఇద్దరూ చెరో పొడీ కలిపి పెట్టారు. అమ్మ నువ్వులు వేయించేదని నబీహా, జన్మలో వేయించలేదని వర్దె. వచ్చినవాళ్ళు చేతుల్లో ముద్దలు పట్టుకుని చూస్తుండగా మాట పెరిగింది. ఆ రోజు మూసుకున్న నోళ్ళు ఒకరితో ఒకరికి మళ్ళీ తెరుచుకోలేదు. వాళ్ళమ్మ ఓపిక ఉన్నరోజు వేయించేది, లేనిరోజు మానేసేది అని నా అనుమానం. నన్నెవరూ అడగలేదు. అమ్మ సామాను మాత్రం పేచీ లేకుండా పంచుకున్నారు. నీలం అంచు గిన్నెలు చెరి సగం.

ఆ ఒకేరకం గిన్నెలే తక్లా కొంప ముంచాయి. మామూలుగా వర్దె తెల్లారకముందే వచ్చి వెళ్తుంది, నబీహా ఎండెక్కాక వస్తుంది. ఒకళ్ళ నీడ ఒకళ్ళ మీద పడకుండా జాగ్రత్త. సిలువ పండగ ముందు శనివారం మాత్రం బట్టీ దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. ఇద్దరి గిన్నెలూ ఒకే బల్ల మీదికి చేరాయి. వాసన చూసి పోల్చుకుందామంటే తక్లాకి జలుబు, ముక్కు దిబ్బడ వేసి ఉంది. పైన నూనె తేలుతుంటే ఏ పొడైనా ఒకేలా కనిపిస్తుంది. రొట్టెలు కాలాయి, ఎవరి బుట్టలు వాళ్ళిళ్ళకి వెళ్ళిపోయాయి.

మధ్యాహ్నం గిన్నెలు కడుగుతూ చూసుకుంది. నబీహాది అనుకున్న గిన్నె అడుగున నువ్వులు తెల్లగా, పచ్చిగా ఉన్నాయి. నువ్వులు వేయించకుండా వేసేది వర్దె. ఆ తడి చేతులతోనే మా ఇంటికొచ్చి కుర్చీలో కూలబడింది. తక్లా మొహంలో భయం చూడటం నాకదే మొదలు. నోరు మూసుకోమని నేను సలహా ఇచ్చాను. ఎవరికి తెలుస్తుంది, వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటేగా? ఆమె ఒప్పుకోలేదు.

"వాళ్ళకి తెలియకపోవచ్చే. నాకు తెలుసుగా. రేపట్నుంచి ఏ మొహంతో గిన్నె అందుకోను?"

వర్దె నోరు ఎలాంటిదో ఊరందరికీ తెలుసు. ఆమె చర్చి మెట్ల మీద ఒక్క మాట అందంటే, వచ్చే శనివారానికి సగం ఊరు రోడ్డు మీది దుకాణంలో ఉంటుంది. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను.

మేము వెళ్ళేసరికి వర్దె వరండాలో మిగిలిన రొట్టె ముక్క తింటోంది. తక్లా నోరు తెరిచేలోపే మొదలుపెట్టింది. ఈసారి జాతర్ పై కొండదట, అందుకే ఇంత బాగా కుదిరిందట, తింటుంటే అమ్మ పక్కన కూర్చున్నట్టుందట. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. నాకు అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది. తక్లా మాత్రం నిలబడే చెప్పేసింది.

"అది నీ పొడి కాదక్కా. నబీహాది. గిన్నెలు మార్చేశాను. నువ్వేమన్నా పడతాను."

వర్దె నమలడం ఆపింది. చేతిలో ముక్కని అటూ ఇటూ తిప్పి, ఎర్రగా వేగిన నువ్వుల్ని చూసింది. తక్లా తలగుడ్డ కొస మెలిపెడుతోంది. నేను గోడవైపు చూస్తున్నాను. వర్దె ఆ ముక్కని నోట్లో పెట్టుకుంది.

"వచ్చే శనివారం కూడా పొరపాటు చెయ్యి" అంది. "దానికి మాత్రం చెప్పకు."

చెప్పకుండా ఎలా కుదురుతుంది, తప్పు ఇద్దరి దగ్గరా చేసినప్పుడు? తక్లా అట్నుంచి అటే నబీహా ఇంటికి నడిచింది. నబీహా నవ్వింది. మొదటి ముద్దలోనే తెలిసిపోయిందట. అక్క చేతి పొడి నాకు తెలీదా, చెబితే మళ్ళీ పెట్టవని ఊరుకున్నాను, అంది. బుట్ట చూస్తే ఒక్క తునక మిగల్లేదు.

అప్పట్నుంచి తక్లా ప్రతి శనివారం ఆ రెండు గిన్నెలూ కావాలనే మారుస్తోంది. ఊరికి తెలియనే తెలిసింది. నేను ఒకళ్ళిద్దరికి మించి చెప్పలేదు. దుకాణానికి ఎవరూ పోలేదు, సరికదా మా గిన్నె కూడా ఎప్పుడైనా ఫలానావాళ్ళతో మార్చకూడదా అని తక్లాని చాటుగా అడిగినవాళ్ళు ఉన్నారు. కుదరదంది.

అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకోలేదు. వర్దె తెల్లారకముందు, నబీహా ఎండెక్కాక. చలికాలం అలాగే గడిచింది. ఒక శనివారం నబీహా రొట్టెల బుట్ట ఎత్తుకుని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"మా అక్కతో చెప్పు, ఉప్పు ఎక్కువేస్తోంది. ఈ వయసులో తనకీ మంచిది కాదు."

తక్లా ఆ సాయంత్రమే వెళ్ళి ఆ మాట పొల్లుపోకుండా వర్దెకి అప్పజెప్పింది. వర్దె అగ్గిమీద గుగ్గిలమైంది. దానికి పుట్టినప్పట్నుంచీ వంకలు పెట్టడమే పని అంది. అమ్మ ఇంతే వేసేదంది, ఇష్టమైతే తినమను లేకపోతే మానెయ్యమను అంది. ఇన్నేళ్ళకి కదిలిన మాట ఇలా తగలబడిందే అని తక్లా వారమంతా బాధపడింది. చెప్పకుండా మింగేయాల్సిందేమో అని నా దగ్గర వాపోయింది.

శనివారం చీకటితోనే వర్దె గిన్నె దించి వెళ్ళిపోయింది. తక్లా వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. నన్ను కేకేసి, నాకూ రుచి చూపించింది. ఉప్పు తగ్గింది.