ఒక్క గీత, పక్కన సంతకం

వైట్‌నర్ వాసన నాకు పడదు. ఇవాళ పొద్దున మా వార్డు నర్సు దివ్య తెచ్చిచ్చిన కాగితం విప్పగానే ఆ వాసన గుప్పుమంది. ఉద్యోగం మానేసేవాళ్ళు నింపే ఫారం అది. 'మానడానికి కారణం' అన్నచోట రూపాయి బిళ్ళంత తెల్లటి మచ్చ, దాని మీద 'సొంత కారణాలు' అని రెండు ముక్కలు. కింద ఏముందో గోటితో గీకి చూద్దామా అనిపించింది. అలా గీకే గోరు ఒకటి నాకు బాగా తెలుసు. అది కరుణమ్మ సిస్టర్‌ది.

తొంభైల చివర్లో రాజమండ్రి నుంచి బెంగళూరు వచ్చి ఓ ఆసుపత్రిలో నర్సుగా చేరినప్పుడు మా వార్డుకు ఇన్‌చార్జి ఆవిడే. బెంగళూరు పక్కన హొసకోటెలో ఎప్పుడో స్థిరపడిపోయిన తెలుగు క్రైస్తవ కుటుంబం వాళ్ళది. మేం ఆసుపత్రి హాస్టల్లోనే ఉండి ఆపసోపాలు పడుతూ డ్యూటీకి పరిగెడితే, హొసకోటె నుంచి బస్సులో వచ్చే ఆవిడ మా కంటే ముందే వార్డులో ఉండేవారు. తెలుగులో కన్నడం కలిపి మాట్లాడుతూ, ఆడా మగా చూడకుండా అందరినీ 'అప్పా' అని పిలిచేవారు. తొలిసారి నన్నలా పిలిస్తే నా వెనక ఎవరైనా మగమనిషి ఉన్నాడేమోనని తిరిగి చూశాను.

చేరిన రెండో నెలలో ఒక పాడు పని చేశాను. హడావుడిలో ఓ పెద్దాయనకు థర్మామీటర్ పెట్టకుండానే జ్వరం లేనట్టు చార్టులో ఓ అంకె వేసేశాను. తర్వాత మనసొప్పక చూస్తే నూట రెండు! పాత అంకె మీద వైట్‌నర్ పూసి కొత్తది రాశాను. కాసేపటికే అది కరుణమ్మ సిస్టర్ కంట పడింది.

"ఈ తెల్లదాని కింద ఏముండాదప్పా?" అంటూ గోటితో గీకారు.

"ఏం లేదు సిస్టర్, చేయి జారింది."

"సుమ్నే అబద్ధాలు చెప్పొద్దు. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టల్ల. కింద ఉండేది చదవడానికి రావల్ల. పక్కన నీ సంతకం పెట్టల్ల. ఇట్ల దాచిపెడితే డాక్టరు ఏది నమ్మల్లప్పా?"

చెప్పింది అక్షరాలా నిజం. కానీ ఎనిమిది మంచాల వార్డులో, రోగులూ వాళ్ళ చుట్టాలూ నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా, వరండా దాకా వినబడేలా చెప్పారు. మధ్యాహ్నం ఇంజెక్షన్ తీసుకెళ్తే ఆ పెద్దాయన చేయి వెనక్కి లాక్కుని, "వేరే సిస్టర్‌ని పిలవమ్మా" అన్నాడు. ఆ రోజు హాస్టల్లో తలుపేసుకుని ఏడ్చాను. అప్పటి నుంచి వైట్‌నర్ ముట్టుకోలేదు.

ఆవిడ కఠినాత్మురాలని మాత్రం అనుకోకండి. నాకు కామెర్లు వచ్చి పది రోజులు మంచాన పడ్డప్పుడు, రోజూ ఇంటి నుంచి టిఫిన్ డబ్బాలో మెత్తటి చారన్నం తెచ్చి, డ్యూటీ ఎక్కేముందు నా గదికొచ్చి కూర్చునేవారు. "తినప్పా, నాలుగు ముద్దలే" అని బతిమాలేవారు. అమ్మ గుర్తొచ్చేది. అంత మనిషి వార్డులో అడుగుపెడితే ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చేదో నాకిప్పటికీ అర్థం కాదు.

ఏడేళ్ళు అలాగే నెట్టుకొచ్చాను. ఆఖరికి ఓ రోజు శాంతి అనే కొత్త పిల్లను సిస్టర్ రోగుల ముందే కడిగేశారు. ఆ పిల్ల దుప్పట్ల గదిలో మూలకు ముడుచుకుని ఏడుస్తుంటే పక్కన కూర్చున్నాను తప్ప, వెళ్ళి సిస్టర్‌తో ఒక్క మాట అనలేకపోయాను. మరుసటి వారమే శాంతి మానేసింది. కారణం: సొంత కారణాలు. నా మీద నాకే అసహ్యమేసింది. ఇంకో ఆసుపత్రిలో ఉద్యోగం చూసుకుని నేనూ రాజీనామా ఇచ్చాను.

ఆ ఫారం అంతకు ముందు ఏడాదే కొత్తగా పెట్టారు. మా ఇన్‌చార్జి గురించి నిజం రాయమని అడిగి, ఆ ఇన్‌చార్జి చేతే సంతకం పెట్టించుకు రమ్మన్న మహానుభావుడెవరో గానీ, అందుకే అందరూ ఆ రెండు ముక్కలే రాసేవారు. పైగా ఆ నెలలోనే నర్సింగ్ సూపరింటెండెంట్ పదవికి కరుణమ్మ సిస్టర్ పేరు నలుగుతోంది. ఇరవై ఏళ్ళ చాకిరీకి రావాల్సిన పదవి. నా కాగితం దానికి అడ్డం పడొచ్చు. చారన్నం పెట్టిన చేతికి ఇదా నేను చేసేది?

ఆఫీసులో కుర్రాడు నాలుగు ప్రశ్నలు అడిగి, "అంతే కదా సిస్టర్, సంతకం పెట్టేయండి" అన్నాడు. 'సొంత కారణాలు' అని అప్పటికే రాసేశాను. సంతకం పెట్టబోతుంటే జ్వరం చూడకుండా వేసిన అంకె గుర్తొచ్చింది. ఆ రెండు ముక్కల మీద ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం పెట్టి, కింద రాశాను: 'కరుణమ్మ సిస్టర్ దగ్గరే పని నేర్చుకున్నాను. కానీ ఆవిడ రోగుల ముందు మమ్మల్ని తిడతారు. ఆ తర్వాత రోగులు మమ్మల్ని నమ్మరు. అందుకే వెళ్తున్నాను.'

కాగితం పట్టుకుని వార్డుకి వెళ్ళి సిస్టర్ చేతికిచ్చాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని ఒకసారి చదివారు. మళ్ళీ చదివారు.

"ముందే నాకేంటికి చెప్పలేదప్పా?"

"భయమేసింది సిస్టర్."

"ఏడేండ్లూనా?"

"ఏడేళ్ళూ."

టేబుల్ మీది పెన్ను అందుకున్నారు. తర్వాత సంతకం పెట్టి, కాగితం నా చేతికిస్తూ ఆ గీత మీద వేలు పెట్టారు. "గీత బాగా కొట్టినావు. కింద ఉండేది చదవడానికి వస్తాండాది."

ఆ పదవి ఆ ఏడు ఆవిడకు రాలేదు. నా కాగితం వల్లో కాదో ఎవరూ చెప్పలేదు, అడిగే ధైర్యం నాకూ లేకపోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. రెండేళ్ళ తర్వాత మార్కెట్లో కనిపించిన ఆ వార్డు స్నేహితురాలు మాత్రం నవ్వుతూ చెప్పింది: "కరుణమ్మ సిస్టర్ ఇప్పుడు తిట్టాలంటే దుప్పట్ల గదిలోకి తీసుకెళ్ళి తలుపేస్తారే. బయటికి ఒక్క ముక్క వినబడదు."

ఇప్పుడు ఇన్‌చార్జి కుర్చీలో నేనున్నాను. దివ్య ఫారం మీది మచ్చను నేను గీకలేదు. ఆ పిల్లను దుప్పట్ల గదిలోకి పిలిచి, తలుపేసి, ఖాళీ ఫారమొకటీ నా పెన్నూ చేతికిచ్చాను.

"ముందు ఏం రాశావో అదే రాయి."

దివ్య తల దించుకుంది. "భయమేస్తోంది మేడమ్. అది మీ గురించే."

"రాయమ్మా," అన్నాను. "నాకూ భయంగానే ఉంది."