మంచం దిగే వైపు

టార్నీట్ స్టేషన్‌లో రైలెక్కి కూర్చోగానే పక్క సీట్లో ఒకావిడ ఫోన్ పెట్టేస్తూ, "వీళ్ళకెలా చెప్పాలి!" అని తెలుగులో విసుక్కుంది. నేను తిరిగి చూశాను. "సారీ అండి, తెలుగువారా?" అంది. ఏజ్డ్ కేర్ హోమ్‌లో, అంటే వృద్ధుల్ని చూసుకునే చోట, ఫిజియోథెరపిస్టట.

వాళ్ళ దగ్గరుండే పెద్దావిడ ఒకరు ఈమధ్య రోడ్డుకవతలి హోమ్‌కు మారిందట.

"ఆవిడకి కుడికాలు వీక్. మంచానికి ఎడమవైపు నుంచి దిగడం నేనే ప్రాక్టీస్ చేయించాను. మా దగ్గర ఎప్పుడూ పడలేదండీ. అక్కడ మంచాన్ని ఎడమవైపు గోడకి ఆనించేశారు. ఫోన్ చేసి చెప్తే, మా ప్రాసెస్ మాకుంది అన్నారు. నిన్న కుడివైపు నుంచి దిగబోయి పడిపోయింది. హిప్ ఫ్రాక్చర్."

చెబుతూనే ఒక అరచేతిని మంచంలా చాచి, రెండోదాన్ని పక్కనే గోడలా నిలబెట్టి చూపించింది.

"రెండు హోమ్‌లూ కలిసి కూర్చుని, పడకుండా ఏం చేస్తున్నామో చెప్పుకుంటే పోయేదేముంది? మా మేనేజర్ ప్రైవసీ అంటుంది. వాళ్ళేమో బిజీ అంటారు."

"మీరు చేయగలిగింది చేశారు కదండీ," అన్నాను.

"చేసుంటే ఆవిడెందుకు పడుతుంది?"

అంతలో ఫోన్ మోగింది. విని పెట్టేసింది.

"మా మేనేజర్. వచ్చే నెల మీటింగ్‌లో ఈ విషయం మాట్లాడతారట. అందాకా ఎవర్నీ మంచం దిగొద్దని చెప్పాలేమో!"

ఫుట్స్‌క్రేలో దిగిపోయింది. ఆ హోమ్‌లు ఎక్కడున్నాయో నేను అడగలేదు. ఆ మీటింగ్ జరిగిందో లేదో తెలుసుకోవాలని మాత్రం ఇప్పటికీ అనిపిస్తుంది.