తెల్ల బట్టలో తెల్ల ముడి

ఆ రోజు మా చీరల దుకాణంలో పెళ్ళివాళ్ళకు ఒక చీర భుజాన వేసుకుని చూపిస్తున్నాను. కొంగు సర్దుతుంటే ఎడమ రొమ్ములో సలుపు పెట్టింది. మూడు రోజులైనా తగ్గలేదు. అప్పటికి నాకు నలభై నాలుగేళ్ళు. మా పెద్దమ్మ రొమ్ము క్యాన్సర్‌తోనే పోయింది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా దవాఖానకు వెళ్ళాను.

మామోగ్రామ్ తీశారు. డాక్టరమ్మ రిపోర్టు చూసి, "గడ్డలేమీ కనబడట్లేదమ్మా. కానీ మీవి డెన్స్ బ్రెస్ట్స్, అంటే కొవ్వు తక్కువ, గట్టి కణజాలం ఎక్కువ. మామోగ్రామ్‌లో అన్నీ తేలవు. ఈ వారంలో వచ్చి అల్ట్రాసౌండ్ కూడా చేయించుకోండి" అన్నారు. నాకు మొదటి మాట ఒక్కటే వినబడింది. మిగతాది ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను.

అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తే నేనూ వెళ్ళి అన్నం వార్చాను. బంద్ ఉంటే దుకాణం మూసేదాన్ని. బస్సుల సమ్మె అయితే ఎల్బీనగర్‌లోని మా ఇంటి నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లోని దుకాణం దాకా నడిచేదాన్ని. మా మేడ మీద కిరాయికుండే రమణక్క తోడొచ్చేది. వాళ్ళది గుంటూరు వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక కోచింగ్ సెంటర్‌లో పనిచేసేది. దారి పొడవునా రాష్ట్రం గురించి పోట్లాడుకునేవాళ్ళం.

"రాష్ట్రం విడిపోతే మమ్మల్ని పొమ్మంటారా ఏంటి పద్మా?"

"నిన్నెవలు పొమ్మంటరక్కా? నువ్వు పోతే నాకు గోంగూర పచ్చడి ఎవలు పెడ్తరు?"

సమ్మె అయిపోయినా మా నడక ఆగలేదు. చాయ్‌లో చక్కెర మానేశాను. సాయంత్రం మిర్చి బజ్జీలకు బదులు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ నుంచి తెచ్చిన జామకాయలు. ఒళ్ళు తేలికైంది, సలుపూ పోయింది. నడకతో ఆ డెన్సిటీ కూడా కరిగిపోయి ఉంటుందని నాకు నేనే తీర్మానించుకున్నాను. నడకలో మాటల మధ్య రమణక్కకు ఒక్కదానికే ఈ సంగతి చెప్పాను. ఆమె ఆ రెండో పరీక్ష గురించి అడిగినప్పుడల్లా, "గిట్ల రోజూ నడుస్తున్న కదక్కా, ఇంకెందుకు దవాఖాన?" అనేదాన్ని.

అట్లా ఏడాది గడిచింది. చివరికి ఒకరోజు ఆమే ఆటో తెచ్చి వాకిట్లో ఆపింది. "నీ నడక సంగతి తర్వాత చూద్దాంలే. ముందు ఎక్కు" అంది.

మళ్ళీ మామోగ్రామ్ తీశారు. మంచి మార్కులు వస్తాయని ధీమాగా కూర్చున్నాను. డాక్టరమ్మ ఫిల్మ్ చూసి, "డెన్సిటీ అలాగే ఉందమ్మా. మీరు సన్నబడి కొవ్వు తగ్గింది కాబట్టి ఇంకాస్త ఎక్కువ కనబడుతోంది" అన్నారు.

నాకు కోపం ఆగలేదు. "ఏడాది సంది నడుస్తున్న మేడం! చక్కెర బంద్ చేసిన. మరెందుకు తగ్గలే?"

ఆమె నవ్వారు. "డెన్సిటీ మీ తప్పు కాదు, జబ్బూ కాదు. చాలామంది ఆడవాళ్ళకు ఉంటుంది. మీ నడక కూడా ఎక్కడికీ పోదు. క్యాన్సర్ ముప్పు తగ్గిస్తుంది, ఒంటికి బలమిస్తుంది. కానీ నడక పరీక్ష చేసిపెట్టదు కదా!" అంటూ ఫిల్మ్ వెలుతురుకు పెట్టి చూపించారు. కొవ్వు నల్లగా ఉంది. డెన్స్ టిష్యూ తెల్లగా ఉంది. గడ్డ ఉంటే అదీ తెల్లగానే ఉంటుందట.

అప్పుడు అర్థమైంది. మేము పోచంపల్లి వైపు మగ్గాల ఇళ్ళవాళ్ళం. తెల్ల బట్ట మగ్గం దిగాక మా అమ్మ కళ్ళతో చూసి వదిలేది కాదు, అరచెయ్యి పెట్టి ఈ చివర నుంచి ఆ చివరిదాకా తడిమేది. తెల్ల బట్టలో తెల్ల ముడి కంటికి ఆనదు. దుకాణానికి వచ్చే ప్రతి చీరనూ రెండు వైపులా తిప్పి చూసే నేను, నా ఒంటిని మాత్రం ఒక్క చూపు చూసి మడతపెట్టేశాను. సిగ్గేసింది.

ఆ పూటే అల్ట్రాసౌండ్ చేశారు. చేసే ఆమె చెయ్యి ఒకచోట ఆగింది. మళ్ళీ అక్కడికే వచ్చింది. తర్వాత బయాప్సీ. క్యాన్సరే.

"పోయినేడు వచ్చుంటే మేడం?" అని ఏడ్చాను.

"అప్పుడు ఉందో లేదో నేను చెప్పలేనమ్మా. ఇప్పుడు చిన్నగా ఉన్నప్పుడే దొరికింది. ఇప్పటి సంగతి చూద్దాం."

మా ఆయన మాట తక్కువ మనిషి. ఆ రోజు దుకాణం మూసేసి, సాయంత్రం దాకా నా పక్కనే కూర్చున్నాడు.

లంపెక్టమీ చేసి గడ్డ ఉన్న మేరకే తీసేశారు. కుట్ల దగ్గర నీరు చేరి రెండుసార్లు తీయాల్సి వచ్చింది. ఎడమ చెయ్యి భుజం దాటి లేచేది కాదు. ఇక చీర భుజాన వేసి చూపించలేనేమో అని దిగులుపడ్డాను. చెప్పినట్టు గోడ మీద వేళ్ళు పాకిస్తూ రోజుకింత పైకి తెచ్చుకున్నాను. తర్వాత వారాల తరబడి రేడియేషన్. రమణక్కే వెంట వచ్చేది. బంద్ రోజుల్లో ఉద్యమం పిల్లలు చౌరస్తాలో తాడు కట్టి ఆటో ఆపితే, యాస బయటపడుతుందని ఆమె నోరు మెదిపేది కాదు. నేను ఫైలు చూపించేదాన్ని. "దవాఖానకా? పో అక్కా, జల్ది పో" అని తాడు పక్కకు తీసేవాళ్ళు.

రాష్ట్రం వచ్చిన రోజు రమణక్కే మిఠాయి తెచ్చి నా నోట్లో పెట్టింది. "నేనెక్కడికీ పోవట్లేదు. రేపు పొద్దున్నే నడకకు లే" అంది.

ఇప్పుడు మా దారి మీదుగా మెట్రో పోతోంది. మేము మాత్రం కింద నడుస్తూనే ఉన్నాం, పోట్లాటకు కొత్త సంగతులు వెతుక్కుంటూ. రేడియేషన్ తర్వాత ఏళ్ళ తరబడి వేసుకోమన్న టాబ్లెట్ల కోర్సు ఎప్పుడో పూర్తయింది. చీర ఇప్పుడూ భుజాన వేసే చూపిస్తాను. డాక్టరమ్మ చెప్పినట్టు ఏటా రెండు పరీక్షలూ చేయించుకుంటున్నాను.

చెల్లెళ్ళారా, రిపోర్టులో "గడ్డ లేదు" అన్న చోటే ఆగిపోకండి. డెన్సిటీ గురించి ఏం రాశారో చదివించుకుని, ఇంకో పరీక్ష అవసరమా అని డాక్టర్ని అడగండి. నడక మానకండి. కాకపోతే నడుస్తూ నడుస్తూ ఒకసారి దవాఖాన దాకా కూడా వెళ్ళండి.